ఎండ, అకామా: కువైట్ బతుకులోని వింతలకు రెండు మూలాలు

మా పిన్ని కొడుకు రాజంపేట నుంచి వచ్చి కువైట్‌లో దిగింది జూన్ నెలలో. మర్నాడు పొద్దున్నే స్నానాలగదిలోంచి కేకేశాడు. "అన్నా, సన్నీళ్ళ కొళాయి తిప్పినా కాగే నీళ్ళే వస్తాండాయి. ఏందన్నా ఇది?" నేను తలుపు బయటి నుంచే చెప్పాను. "ఎర్ర గుర్తుండే కొళాయి తిప్పుకోరా, దాంట్లో సల్లగా వస్తాయి." ఆటపట్టిస్తున్నానని అనుకున్నట్టున్నాడు. కాసేపు చప్పుడు లేదు. తర్వాత నీళ్ళు పోసుకుంటున్న శబ్దం వినిపించింది.

కువైట్‌లో ఒక్క వేసవి గడిపినవాళ్ళకైనా ఈ తిరకాసు తెలుసు. అపార్ట్‌మెంట్లకు నీళ్ళొచ్చేది మిద్దె మీది ట్యాంకుల్లోంచి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఆ ట్యాంకులు, పైపులు పగలంతా ఎండలో కాగుతాయి. అందుకే చన్నీళ్ళ గొట్టంలో వేడినీళ్ళు వస్తాయి. గీజరు మాత్రం స్నానాలగదిలో, ఇంటి నీడన ఉంటుంది. మే నెలలోనే దాని స్విచ్ కట్టేస్తే, లోపల నిలవున్న నీళ్ళు గది చలవకు మెల్లగా చల్లబడతాయి. నీళ్ళు కాచడానికి పెట్టుకున్నది వేసవిలో చన్నీళ్ళ కుండ అవుతుంది. అయితే అందులో పట్టేది కొద్ది నీళ్ళే. ముందు స్నానం చేసినవాడికి చల్లనివి దక్కుతాయి. వాడు వాడిన కొద్దీ మిద్దె మీది వేడినీళ్ళు దిగి గీజరులో చేరతాయి. ఆరుగురుండే గదిలో తెల్లవారుజామున ముందు ఎవరు లేస్తారన్నది అందుకే అంత ముఖ్యం. కొందరు రాత్రే బక్కెట్లు నింపి పక్కన పెట్టుకుంటారు.

పదిహేనేళ్ళుగా ఇక్కడే ఉంటున్నాను. కొత్తగా వచ్చినవాళ్ళు అడిగే ప్రశ్నలు ఇంచుమించు అవే. రాత్రి పదకొండింటికి పిల్లలు పార్కులో ఆడుకోవడమేంటి? ఆదివారం ఆఫీసేంటి? పెళ్ళై ఇద్దరు పిల్లలున్నవాణ్ణి బ్యాచిలర్ అనడమేంటి? సెలవు మీద ఇంటికి పోవడానికి కంపెనీ అనుమతేంటి? ఒక్కోదాన్ని వెనక్కి పట్టుకుపోతే చాలావరకు రెండు చోట్లకే చేరతాం. ఒకటి ఎండ. రెండోది అకామా, అంటే ఈ దేశంలో ఉండటానికి గడువు పెట్టి ఇచ్చే అనుమతి. ఎండ సంగతి ఎవరికైనా వారంలో అర్థమవుతుంది. అకామా సంగతి సరిగా తెలియకుండానే ఇరవై ఏళ్ళు పనిచేసి, రావలసిన డబ్బు కూడా అడగకుండా ఊరికి పోయినవాళ్ళు నాకు తెలుసు. నేను రాయాలనుకున్నది ముఖ్యంగా వాళ్ళను తలుచుకునే.

నది లేని దేశం

2016 జూలై 21న కువైట్ వాయవ్య ఎడారిలోని మిత్రిబా అనే చోట 53.9 డిగ్రీలు నమోదైంది. ప్రపంచ వాతావరణ సంస్థ పరిశీలించి ఖాయం చేసిన అంకె అది. భూమ్మీద నమ్మకంగా కొలిచిన అత్యధిక ఉష్ణోగ్రతల్లో అదొకటి. మనకు రెంటచింతలలోనో రామగుండంలోనో 46, 47 వస్తే పత్రికల్లో మొదటి పేజీకెక్కుతుంది. ఇక్కడ జూలైలో 48 అంటే మామూలు రోజు.

ఆ ఎండ కింద నది లేదు, ఏడాది పొడుగునా నిలిచే చెరువూ లేదు. చమురు దొరకక ముందు కువైట్ వాళ్ళు ఇరాక్‌లోని షత్ అల్ అరబ్ నుంచి పడవల్లో మంచినీళ్ళు తెచ్చుకునేవాళ్ళు. 1950ల మొదట్లో షువైఖ్‌లో సముద్రపు నీటిని మరిగించి ఆవిరి పట్టే ప్లాంటు కట్టాక ఆ పడవల అవసరం తీరింది. ఇప్పటికీ ఇక్కడ కొళాయిలో వచ్చే ప్రతి చుక్కా ఇంచుమించు సముద్రం నుంచి వచ్చిందే. కరెంటు ప్లాంట్లు, నీటి ప్లాంట్లు చాలాచోట్ల ఒకే ఆవరణలో ఉంటాయి. టర్బైను తిప్పిన ఆవిరి వేడితోనే ఉప్పునీళ్ళను మరిగిస్తారు. అంటే నీళ్ళు, కరెంటు ఒకే పొయ్యి మీద వండిన రెండు వంటలు. ఒకటి ఆగితే రెండోదీ ఇబ్బందిలో పడుతుంది.

విమానంలోంచి చూస్తే నీలి తెల్లని చారలతో పుట్టగొడుగుల్లా గుంపులుగా కనిపించేవి నీటి ట్యాంకులే. ప్రతి ఫోటోలోనూ ఉండే కువైట్ టవర్స్ కూడా అంతే. 187 మీటర్ల ఎత్తున్న పెద్ద టవర్ గోళంలో పై సగం హోటలు, కింది సగం నీళ్ళు. తన దేశానికి గుర్తుగా ఒక నీళ్ళ ట్యాంకును నిలబెట్టుకోవడం నాకు ఎప్పుడూ గొప్పగానే అనిపిస్తుంది. కడప జిల్లాలో బోరు ఎండిపోతే ఏమవుతుందో తెలిసినవాణ్ణి కాబట్టి కావచ్చు.

ఇంత ఖరీదైన నీళ్ళూ కరెంటూ వాడేవాడికి మాత్రం కారుచౌకగా దొరుకుతాయి. కువైటీల ఇళ్ళకు యూనిట్ కరెంటు 2 ఫిల్సులు. 1966 నుంచి ఆ రేటు మారలేదు. దినారుకు వెయ్యి ఫిల్సులు కాబట్టి, అది మన లెక్కలో రూపాయి కూడా కాదు. మన లాంటివాళ్ళుండే అద్దె ఫ్లాట్లకు 2017లో కొంత పెంచినా చౌకే. అందుకే చాలా పాత బిల్డింగుల్లో కరెంటు, నీళ్ళు అద్దెలోనే కలిసిపోయి ఉంటాయి. సెలవు మీద ఊరికి వెళ్తూ ఏసీ ఆపకుండా పోయేవాళ్ళున్నారు. పోనీలే అనిపిస్తుంది గానీ, 2024 జూన్‌లో వాడకం పెరిగి కొన్ని ప్రాంతాలకు గంటా రెండు గంటలు కరెంటు తీసినప్పుడు తెలిసింది, ఏసీ లేకుండా ఇక్కడి గదుల్లో మనిషి ఎంతసేపు ఉండగలడో. ఈ గదులు గాలి కోసం కట్టినవి కావు. కిటికీ తెరిస్తే వచ్చేది వడగాలి, లేకపోతే తూజ్. తూజ్ అంటే ఇక్కడి మాటలో దుమ్ము. అది లేచిన రోజు కిటికీ సందుల్లో తడిగుడ్డలు కుక్కినా, తెల్లారేసరికి దుప్పటి మీద సన్నని పసుపు పొర పడి ఉంటుంది.

ఎండ ఇక్కడ గడియారాన్ని కూడా మార్చేసింది. జూన్ 1 నుంచి ఆగస్టు 31 దాకా పగలు 11 నుంచి సాయంత్రం 4 వరకు ఆరుబయట పని చేయించకూడదని నిబంధన ఉంది. అందుకే భవనాల పని తెల్లవారక ముందే మొదలవుతుంది. కంపెనీ బస్సుల్లో మూడున్నరకే జనం కూర్చుని ఉంటారు. పగలు ఖాళీగా ఉన్న వీధులు రాత్రి తొమ్మిది దాటాక నిండుతాయి. గల్ఫ్ రోడ్డు వెంబడి సముద్రపు ఒడ్డున పిల్లాపాపలతో సంసారాలు కనిపించేది అప్పుడే. మన ఊళ్ళో పిల్లల్ని చీకటి పడగానే లోపలికి రమ్మంటాం, ఇక్కడ చీకటి పడ్డాకే బయటికి పంపుతాం. వీటిలో ఏదీ విచిత్రం కాదు. రాయలసీమలో ఏప్రిల్, మే నెలల్లో పొలం పనులు పొద్దున పదింటికే ముగించి చెట్టు కిందికి చేరే రైతు చేసేది కూడా ఇదే.

శుక్రవారం ఆదివారం

వారాంతం శుక్ర, శనివారాలు. 2007కు ముందు అది గురు, శుక్రవారాలు. బయటి ప్రపంచంతో వ్యాపారం కుదరక మార్చారు. దుబాయి వైపు 2022 నుంచి శని, ఆదివారాలు చేసుకున్నారు గానీ కువైట్ శుక్రవారాన్ని వదల్లేదు. ఫలితంగా ఊళ్ళో బ్యాంకు, ఇక్కడి ఆఫీసు రెండూ తెరిచి ఉండేవి ప్రధానంగా సోమవారం నుంచి గురువారం దాకా. గడియారం కూడా రెండున్నర గంటలు వెనక. మనం పని ముగించి ఫోను తీసేసరికి ఊళ్ళో అమ్మ పడుకునే వేళ అవుతుంది.

ఉగాది ఏ వారం వచ్చినా తెలుగు సంఘాల సభ జరిగేది ఆ దగ్గర్లోని శుక్రవారమే. మన క్రైస్తవ సోదరులు ఆదివారపు ఆరాధన శుక్రవారం చేసుకుంటారు. కువైట్ సిటీలోని చర్చి ఆవరణలో ఒకే రోజు ఒక హాలు తర్వాత ఒక హాలులో ఎన్నో భాషల పాటలు వినిపిస్తాయి, తెలుగు కూడా. గోదావరి జిల్లాల నుంచి ఇళ్ళల్లో పనికి వచ్చిన అక్కలు, వదినలు వారంలో ఒక్కసారి చీర కట్టుకుని తెలుగు మాట్లాడుకునే చోటు చాలామందికి అదే.

రూపాయి చెలామణి అయిన చోటు

ఒక చిన్న సంగతి చెప్పి ముందుకు పోతాను, ఎందుకంటే ఇది ఎండకూ అకామాకూ సంబంధం లేనిది, కానీ నాకు ఇష్టమైనది.

మొదటి జీతం చేతికొచ్చినప్పుడు తికమక పెట్టేది అంకెలు. ధర 1.250 అని ఉంటే పన్నెండు వందల యాభై కాదు, ఒక దినారు 250 ఫిల్సులు. చుక్క తర్వాత మూడంకెలు. పావు దినారుకూ అర దినారుకూ వేరే నోట్లున్నాయి, వాటిని మనవాళ్ళు అరబ్బీలోనే రుబా, నుస్ అంటారు. ఇక్కడి పెద్దవాళ్ళు 100 ఫిల్సుల బిళ్ళను రుబ్బియా అనడం వింటే మొదట ఆశ్చర్యమేస్తుంది. 1961 దాకా కువైట్‌లో నడిచింది మన రూపాయే. 1959లో రిజర్వు బ్యాంకు గల్ఫ్ దేశాల కోసం ప్రత్యేకంగా నోట్లు కూడా అచ్చు వేసింది. 1961లో దినారు వచ్చినప్పుడు దాని విలువ పదమూడుంబావు రూపాయలకు కాస్త ఎక్కువ.

చమురుకు ముందు ఇక్కడి పడవలు ముత్యాలు, ఖర్జూరం తీసుకుని బొంబాయికి, మలబారు తీరానికి వచ్చి టేకు కలప, బియ్యం, మసాలాలు తీసుకుపోయేవి. ఆ రాకపోకల గుర్తులు భాషలో ఉండిపోయాయి. కువైటీలు ఊరగాయను అచ్చార్ అంటారు, ఫ్యానును బన్కా అంటారు, నేరుగా పొమ్మనడానికి సీదా అంటారు. అరబ్బీలో పకారం లేదు, అందుకే పంకా బన్కా అయింది. అదే కారణంగా మన ప్రసాద్‌లు ఇక్కడి కాగితాల్లో బ్రసాద్‌లు అవుతారు. వీధిలో ముసలాయన టాక్సీ డ్రైవరుతో "సీదా, సీదా" అంటుంటే, మన తాతల కాలంలో వాళ్ళు మన దేశానికి బతుకుదెరువుకు వచ్చారని గుర్తొస్తుంది. ఇప్పుడు మనం వస్తున్నాం.

పన్నెండు అంకెలు

ఇక అకామా. సుమారు 50 లక్షల జనాభా ఉన్న ఈ దేశంలో స్వదేశీయులు మూడోవంతుకు కాస్త తక్కువ. మనదేశం వాళ్ళే 10 లక్షల దాకా ఉన్నారు. ఇంతమంది బయటివాళ్ళు కావాలి, కానీ ఇక్కడే స్థిరపడిపోకూడదు. ఆ రెండు కోరికలనూ ఒకేసారి తీర్చడానికి కట్టిన పద్ధతే కఫాలా. ప్రతి పరదేశికీ ఒక కఫీల్ ఉండాలి. కఫీల్ అంటే పూచీదారు. అతను కంపెనీ కావచ్చు, ఒక ఇంటి యజమాని కావచ్చు, భార్యకైతే భర్త కావచ్చు. ఆ పూచీ ఉన్నన్నాళ్ళే అకామా, అకామా ఉన్నన్నాళ్ళే మిగతా అన్నీ.

మిగతా అన్నీ అంటే ఏవో అనుకోకండి. అకామా వివరాలు ఇదివరకు పాస్‌పోర్టులో స్టిక్కరుగా అంటించేవాళ్ళు. 2019 నుంచి స్టిక్కరు తీసేసి సివిల్ ఐడీ కార్డుకే ముడిపెట్టారు. మనవాళ్ళు బతాకా అనే కార్డు అదే. దాని మీద పన్నెండు అంకెలుంటాయి. మొదటి అంకె పుట్టిన శతాబ్దాన్ని చెబుతుంది, 1900ల్లో పుడితే 2, 2000 తర్వాత పుడితే 3. తర్వాతి ఆరు అంకెలు పుట్టిన సంవత్సరం, నెల, తేదీ. బ్యాంకు, ఫోను సిమ్ము, ఆసుపత్రి, అద్దె కాగితం, డ్రైవింగు లైసెన్సు అన్నీ ఆ అంకెల మీదే నడుస్తాయి. గడువు దాటితే ఏటీఎం కార్డు కూడా పనిచెయ్యకుండా పోతుంది. జేబులో డబ్బున్నా లేనట్టే.

ఇందులో మనవాళ్ళకు ప్రత్యేకంగా ఒక చిక్కుంది. ఊళ్ళో బడిలో వేసేటప్పుడు పంతులుగారు జూన్ ఒకటో, జూలై ఒకటో పుట్టినరోజుగా రాసేసిన తరం మాది. ఆ తేదీయే పాస్‌పోర్టులోకి, అక్కడి నుంచి ఈ పన్నెండు అంకెల్లోకి వచ్చేసింది. ఊళ్ళో దాన్ని సరిదిద్దుకుని కొత్త పాస్‌పోర్టు తెచ్చుకుంటే ఇక్కడి నంబరుతో పొసగదు. అందుకని, దిద్దుకోవలసినవి ఏవున్నా బయల్దేరక ముందే దిద్దుకోమని నాకు తెలిసిన ప్రతి కుర్రాడికీ చెబుతుంటాను.

పద్దెనిమిదా, ఇరవయ్యా?

మనవాళ్ళు వీసాను నంబరుతో పిలుస్తారు. పద్దెనిమిది అంటే ప్రైవేటు కంపెనీ ఉద్యోగం. ఇరవై అంటే ఇంటి పని. వంటమనిషి, ఆయా, ఇంటి డ్రైవరు, తోటమాలి అందరూ ఇందులోకే వస్తారు. దీన్నే ఖాదిమ్ వీసా అని కూడా అంటారు. పదిహేడు సర్కారు ఉద్యోగం, ఇరవై రెండు కుటుంబం. ఇవి నివాస నిబంధనల్లోని ఆర్టికల్ నంబర్లు. చాలామంది వీటిని బస్సు నంబర్లలా చూస్తారు, ఏదెక్కినా కువైటే కదా అని. అసలు పొరపాటు అక్కడే ఉంది. నంబరు మారితే మీకు వర్తించే చట్టమే మారిపోతుంది.

ఒకే ఊరి నుంచి ఇద్దరు డ్రైవర్లు వచ్చారనుకోండి. ఒకడిది పద్దెనిమిది, ఇంకొకడిది ఇరవై. మొదటివాడికి 2010 నాటి కార్మిక చట్టం వర్తిస్తుంది. రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు, ఆపైన చేస్తే అదనపు కూలి. రెండోవాడికి ఆ చట్టం వర్తించదు, ఇంటి పనివాళ్ళను అందులో చేర్చలేదు. వాళ్ళ కోసం 2015లో 68వ నంబరు చట్టం వచ్చింది. గల్ఫ్ దేశాల్లో ఇంటి పనివాళ్ళ కోసం వచ్చిన తొలి చట్టాల్లో ఇదొకటి. రోజుకు 12 గంటలకు మించకూడదు, వారానికో సెలవు, ఏడాదికి 30 రోజుల జీతంతో సెలవు ఉండాలి అంటుంది. 2016లో కనీస జీతం 60 దినార్లని దాని కింద నిర్ణయించారు. యజమాని పాస్‌పోర్టు తన దగ్గర దాచుకోకూడదు. పని మాని వెళ్ళేటప్పుడు చేసిన ప్రతి ఏడాదికీ ఒక నెల జీతం ఇవ్వాలి.

ఆ చివరి మాట దయచేసి రెండోసారి చదవండి. ఇరవై నంబరు మీద పన్నెండేళ్ళు ఒకే ఇంట్లో పనిచేసిన అక్కకు పన్నెండు నెలల జీతం రావాలి. కంపెనీ ఉద్యోగికి లెక్క వేరు. నెల జీతగాడైతే మొదటి ఐదేళ్ళకు ఏడాదికి 15 రోజుల జీతం, ఆపైన ఏడాదికి నెల జీతం, మొత్తం ఏడాదిన్నర జీతానికి మించకుండా. దాన్ని మనవాళ్ళు ఇండెమ్నిటీ అంటారు. కంపెనీల్లో పనిచేసేవాళ్ళకు ఈ మాట తెలుసు, ఎవరో ఒకరు చెబుతారు. ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళకు చెప్పేవాళ్ళుండరు. యజమానురాలిని మామా అని, యజమానిని బాబా అని పిలుస్తూ, వెళ్ళేటప్పుడు వాళ్ళు ఇచ్చిన బట్టలు, గొలుసు, టికెట్టు తీసుకుని కళ్ళనీళ్ళతో వచ్చేస్తారు. ఆ ఇంటివాళ్ళు మంచివాళ్ళే కావచ్చు. కానీ బహుమానం వేరు, బాకీ వేరు.

ఇక ఆజాద్ వీసా. ఫ్రీ వీసా అని కూడా అంటారు. ఊళ్ళో ఏజెంటు చెప్పే మాట ఇలా ఉంటుంది: "కఫీల్ పేరుకే, నువ్వు బయట యాడైనా పని చేసుకోవచ్చు." ఈ పేరుతో వీసా ఏ చట్టంలోనూ లేదు. జరిగేది ఇది. ఒకతను తన కంపెనీ పేరు మీదో ఇంటి పేరు మీదో వీసా తీసి అమ్ముతాడు. కొనుక్కుని వచ్చినవాడు వేరేచోట పని చూసుకుంటాడు. అకామా గడువు వచ్చినప్పుడల్లా ఆ కఫీల్‌కు మళ్ళీ డబ్బు కట్టాలి. తనిఖీలో పట్టుబడితే, ఒక చోటి అకామాతో మరోచోట పనిచేసినందుకు దేశం నుంచి పంపేస్తారు. మళ్ళీ రాకుండా వేలిముద్రలు ఉండనే ఉంటాయి. ఇంతకన్నా భయపడవలసింది ఇంకొకటుంది. కఫీల్‌తో మాట తేడా వస్తే, పని మాని పారిపోయాడని అతను ఫిర్యాదు పెట్టగలడు. ఆ ఒక్క కాగితంతో చట్టబద్ధంగా ఉన్నవాడు చట్టవిరుద్ధుడైపోతాడు. జీతం బాకీ ఉందని ఫిర్యాదు చెయ్యడానికి కూడా ధైర్యం చాలదు, ఎందుకంటే జీతమిచ్చే యజమాని వేరు, కాగితం మీద ఉన్న యజమాని వేరు. మూడు లక్షలు అప్పు చేసి ఆ వీసా కొనేకంటే, అదే డబ్బుతో ఊళ్ళో నాలుగు గేదెలు కొనుక్కోమని నేను ఎంతమందికి చెప్పానో. విన్నవాళ్ళు తక్కువ.

కంపెనీ వీసా మీద ఉన్నవాళ్ళకు 2025 జూలై 1 నుంచి ఇంకొక కొత్త సంగతి వచ్చింది. దేశం దాటి వెళ్ళాలంటే, సెలవు మీదైనా సరే, యజమాని ఆమోదించిన ఎగ్జిట్ పర్మిట్ ఉండాలి. సాహెల్ అనే సర్కారీ యాప్‌లో అడగాలి, కంపెనీ అందులోనే ఒప్పుకోవాలి. బాకీలూ కేసులూ ఉన్నవాళ్ళు చెప్పకుండా వెళ్ళిపోతున్నారన్నది ప్రభుత్వం చూపే కారణం. అది అర్థం చేసుకోగలను. కానీ అర్ధరాత్రి ఊళ్ళో తండ్రికి గుండెనొప్పి అని ఫోనొచ్చినప్పుడు, టికెట్టు కంటే ముందు మేనేజరు నంబరు వెతుక్కునే మనిషిని నేను దగ్గర నుంచి చూశాను. ఈ నియమం రాసినవాళ్ళు ఆ అరగంటను కూడా చూసి ఉంటే బాగుండేది.

మన ప్రభుత్వం వైపు నుంచి ఉన్న తాళం ఈసీఆర్, అంటే పనికి దేశం దాటే ముందు సర్కారు తనిఖీ అవసరమనే గుర్తు. పదో తరగతి పాసు కానివాళ్ళ పాస్‌పోర్టు మీద సాధారణంగా ఆ ముద్ర పడుతుంది. వాళ్ళు కువైట్‌తో సహా 18 దేశాలకు పనికి పోవాలంటే ఈ-మైగ్రేట్ అనే మన సర్కారు వెబ్‌సైటు ద్వారా అనుమతి తీసుకోవాలి. ఇంటి పనికి వెళ్ళే ఆడవాళ్ళకు 30 ఏళ్ళు నిండి ఉండాలి. విజిటింగ్ వీసా మీద పంపి అక్కడ మారుస్తామనే ఏజెంట్లు తప్పించుకోవాలని చూసేది ఈ గేటునే. ఆ గేటు గుండా వెళ్తే ఒప్పందం కాగితం చేతికొస్తుంది, ప్రవాసీ భారతీయ బీమా కూడా వస్తుంది. ప్రమాదంలో మరణిస్తే కుటుంబానికి 10 లక్షలు వచ్చే ఆ బీమాకు రెండేళ్ళ ప్రీమియం మూడు వందల రూపాయల లోపే. దొడ్డిదారిన వెళ్తే ఈ రెండూ ఉండవు.

పెళ్ళైన బ్యాచిలర్లు

కుటుంబాన్ని తెచ్చుకోవడానికి 2024లో నియమాలు మార్చినప్పుడు నెల జీతం కనీసం 800 దినార్లు ఉండాలన్నారు. మన డ్రైవర్లు, వంటవాళ్ళు, తాపీమేస్త్రులలో ఆ జీతం ఎవరికుంటుంది? కాబట్టి భార్యాపిల్లలు ఊళ్ళో, మనిషి ఇక్కడ. ఇక్కడి లెక్కలో కుటుంబం పక్కన లేని మగవాడు బ్యాచిలర్. మనవరాలు ఉన్నవాడైనా సరే. కుటుంబాలుండే ప్రాంతాల్లో బ్యాచిలర్లకు ఇల్లివ్వకూడదు. అందుకని జలీబ్, ఖైతాన్, మహబూలా, మంగఫ్ లాంటి కొద్దిచోట్లే వాళ్ళు ఇరుక్కుంటారు. అద్దెకు దొరికేది ఇల్లు కాదు, గది కాదు, బెడ్ స్పేస్. ఒక మంచం, దాని కింద ఒక పెట్టె, గోడకు ఒక మేకు. గదిని చెక్క పలకలతో విడగొట్టి మరో నలుగురికి చోటు చేస్తారు.

2024 జూన్ 12 తెల్లవారుజామున మంగఫ్‌లో కార్మికులుండే ఒక భవనానికి నిప్పంటుకుంది. చనిపోయిన వాళ్ళలో మన దేశస్థులే నలభై మందికి పైగా. ముగ్గురు ఆంధ్రప్రదేశ్ వాళ్ళు. ఎక్కువమంది నిద్రలోనే పొగకు ఊపిరాడక పోయారు. ఆ రోజు ఊరి నుంచి మా అందరికీ ఒకటే ప్రశ్న, "నువ్వు యాడుండావు?" అని. ఆ తర్వాత కొన్ని వారాలు తనిఖీలు జరిగాయి, గదుల్లోని పలకలు ఊడదీశారు. పలకలు తీసేస్తే మంచాలు తగ్గుతాయి, మంచాలు తగ్గితే అద్దె పెరుగుతుంది, జీతం అంతే ఉంటుంది. ఎండలో పనిచేసే మనిషి రాత్రి ఎక్కడ పడుకోవాలో తేల్చేది చివరికి అతని అకామా మీది నంబరే.

మా పిన్ని కొడుకు వచ్చి ఏడాది దాటింది. వాడిది పద్దెనిమిది. ఒప్పందం కాగితం ఇక్కడొకటి, ఊళ్ళో వాళ్ళమ్మ దగ్గరొకటి ఉన్నాయి. పన్నెండు అంకెలు కళ్ళు మూసుకుని చెబుతాడు. మే నెలలో నేను చెప్పకుండానే గీజరు స్విచ్ కట్టేశాడు. మొన్న శుక్రవారం ఊరి నుంచి వాడి స్నేహితుడు ఫోను చేశాడు. ఏజెంటు కువైట్ వీసా ఇస్తానన్నాడట, రెండున్నర లక్షలట, వచ్చే నెలలోనే ప్రయాణమట. పక్క మంచం మీద కూర్చుని వింటున్నాను. మావాడు జీతం ఎంతని అడగలేదు, ఏ ఊళ్ళో పని అని అడగలేదు.

"రేయ్, డబ్బులు కట్టొద్దు ఆగు. ముందు వీసా కాగితం ఫోటో తీసి పంపు. నంబరెంతుందో సూసి చెప్తా" అన్నాడు.